మిద్దె మీద కోతులు, గుడి ముంగిట ఎలుగుబంట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు అందే ఉత్తరాలలో అడవి జంతువుల ప్రస్తావన పెరుగుతూ ఉంటుంది. ఈసారి కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం, ఇంటి దగ్గరకు వచ్చే జంతువులకు తిండి పెట్టవచ్చునా అనే ఒక్క విషయం మీదనే ఉన్నందున వాటిని ఒకచోట చేర్చాము. ఉత్తరాలను కుదించాము. కొందరు కోరినందున ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు. జవాబులు రాసినవారు విశ్రాంత పశువైద్యులు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. కడపలో పాలకొండల వైపున్న కాలనీలో మాది చివరి వరుస ఇల్లు. మా మామగారు రిటైరైన తర్వాత గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని వచ్చి, ప్రతి మంగళవారం, శనివారం మిద్దె మీద కోతులకు అరటిపండ్లు, బొరుగులు, చెనిక్కాయలు పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో నాలుగైదు వచ్చేవి. ఇప్పుడు వారమంతా పెద్ద మంద మిద్దె మీదే ఉంటోంది. ఆరబెట్టిన వడియాలు మిగలడం లేదు, నీళ్ల ట్యాంకు మూత తీసి లోపలికి దిగుతున్నాయి, తలుపు తీసి ఉంటే వంటింట్లో ఫ్రిజ్ దాకా వస్తున్నాయి. మొన్న పక్కింటి పాప చేతిలోని పాల ప్యాకెట్టు లాక్కుంటూ ఒక కోతి మోచేతి కింద గీరింది. కొంచెం నెత్తురు వస్తే పసుపు అద్దాము. వీధిలో అందరూ మమ్మల్నే అంటున్నారు. స్వామి రూపాలకు పెట్టేది మానమని మామగారికి ఎలా చెప్పాలి? (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర రెండు మాటలలో దాటవేసిన విషయానికే మొదట జవాబు చెప్పాలి. పాపను వెంటనే ఆసుపత్రికి పంపించమని మా కార్యాలయం వారు ఉత్తరం అందిన రోజే మీకు ఫోను చేసి చెప్పారు. మిగిలిన పాఠకులకు కూడా పనికివస్తుంది గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కోతి కరిచినా, నెత్తురు వచ్చేలా గీరినా దానిని రేబిస్ ప్రమాదంగానే పరిగణించాలి. మన దేశంలో ఈ వ్యాధి ప్రధానంగా కుక్కల ద్వారానే మనుషులకు సోకుతుందన్నది నిజమే. కానీ చెత్తకుప్పల దగ్గర కుక్కలతో కొట్లాడే కోతికి అది సోకదని ఎవరూ హామీ ఇవ్వలేరు, లక్షణాలు బయటపడిన తర్వాత రోగిని బతికించడం దాదాపు అసాధ్యం. అందువలన గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి వంటివేవీ పెట్టకూడదు. అదే రోజు టీకా మొదలుపెట్టించాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజులలోను, కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28వ రోజులలోను సూదులు వేస్తారు. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కించాలి. చర్మం చిట్లి నెత్తురు కనిపిస్తే టీకా ఒక్కటే చాలదు, ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందును గాయంలోను, గాయం చుట్టూను ఎక్కించవలసి ఉంటుంది. దాని గురించి, ధనుర్వాతం సూది గురించి డాక్టరును మీరే గుర్తుచేసి అడగండి.

ఇదే సందర్భంలో నేను తరచుగా వినే మాట ఒకటి ఉంది. ఆ కోతి పది రోజుల తర్వాత కూడా బాగానే తిరుగుతోంది గనుక భయం లేదు అంటారు. పది రోజులు కనిపెట్టి చూడడమనే లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే చెల్లుతుంది, కోతికి చెల్లదు. పైగా అంత మందలో గీరిన కోతి ఇదేనని గుర్తుపట్టగలిగేది ఎవరు?

ఇక మిద్దె సంగతికి వస్తాను. మన సీమలో కనిపించేది నడినెత్తిన వెంట్రుకలు టోపీ పెట్టినట్లు పరుచుకుని, తోక పొడవుగా ఉండే దక్షిణాది కోతి. తునికి, నేరేడు, రేగు, మర్రి, జువ్వి పండ్ల కోసం, చిగుళ్ల కోసం, పురుగుల కోసం రోజులో ఎక్కువ భాగం కొండల వెంట తిరగడానికి తగినట్లుగా దాని ఒళ్లు, బుద్ధి రెండూ ఏర్పడ్డాయి. దొరికిన పండును దొరికినట్లు బుగ్గల లోపలి సంచులలో కుక్కుకుని, ఇంకొక చోట కూర్చుని తాపీగా నమిలి గింజలను ఉమ్మేస్తుంది. అడవిలో ఎన్నో చెట్లు అలా మొలిచినవే. ఆ రోజంతటి శ్రమకు దొరికే తిండి మీ మిద్దె మీద అరగంటలో దొరుకుతున్నప్పుడు అది కొండ ఎందుకు ఎక్కుతుంది? ఆడకోతులు పుట్టిన మందను వదిలిపోవు గనుక తల్లికి తెలిసిన మిద్దె పిల్లకూ తెలుస్తుంది. తిండికి లోటులేని మందలో కాన్పులు త్వరత్వరగా అవుతాయి, పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. మొదట్లో నాలుగైదు అనుకున్నవి మంద కావడానికి బయటి నుంచి వచ్చినవే కాదు, మీ వీధిలో పుట్టి పెరిగినవి కూడా కారణమై ఉంటాయి.

గోడ మీద కూర్చున్న కోతిని ఒకసారి జాగ్రత్తగా, దూరం నుంచి గమనించండి. అది మనిషి ముఖం కంటే చేతినే ఎక్కువగా చూస్తుంది. ప్లాస్టిక్ సంచి గరగరమన్నదంటే కనుబొమలు పైకి లేస్తాయి, చెవులు వెనక్కి పోతాయి, ముందరి చేతులు నేలకు ఆనించి నోరు తెరుస్తుంది. పిల్లలు దానిని నవ్వు అనుకుని తామూ పళ్లు ఇకిలిస్తారు, దాని కళ్లలోకి సూటిగా చూస్తారు. ఈ రెండూ కోతి దృష్టిలో బెదిరింపులే. మీ మామగారిని ఆ కోతులు ఎన్నడూ గీరి ఉండవు. ఎందుకంటే ఆయనది పెట్టే చేయి. ఆ చేతిని చూసి మనిషి చేయి అంటే తిండి అని నేర్చుకున్న కోతి, పక్కింటి పాప చేయి కూడా అలాంటిదేనని అనుకుంటుంది. పాప ఇవ్వకపోతే లాక్కుంటుంది, గట్టిగా పట్టుకుంటే గీరుతుంది. పెట్టేది ఒకరు, గీరించుకునేది మరొకరు కావడమే ఈ వ్యవహారంలోని అన్యాయం. అందువలన వీధివారి కోపంలో న్యాయం ఉన్నదనే నా అభిప్రాయం, మీకు కష్టంగా తోచినా చెప్పక తప్పదు.

కోతులకు మాత్రం ఇది మేలా అంటే అదీ కాదు. తీపి తిండ్లు, నూనె వంటకాలు తిని పళ్లు పుచ్చిపోతాయి. కవర్లతో సహా మింగినది కడుపులో అడ్డుపడుతుంది. మనుషుల నుంచి క్షయ వంటి జబ్బులు వాటికి అంటుకోగలవు. ఊళ్లోకి దిగిన కోతి కరెంటు తీగ మీదో, కుక్కల నోటనో, విసుగెత్తిన ఎవరో విసిరిన రాయితోనో ప్రాణం పోగొట్టుకుంటుంది.

మామగారితో వాదానికి దిగవద్దు. పెద్దవారి మొక్కును కోడలు తప్పుపట్టినట్లు వినిపిస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆయన గౌరవించే అర్చకుల చేతనో, ఆ పాప తాతగారి చేతనో చెప్పించండి. పండ్లకు అయ్యే ఖర్చును గండిలో అన్నదానానికి ఇవ్వవచ్చు, గోశాలకు గడ్డి కొనిపించవచ్చు. స్వామి పేరు మీద చేసినదే అవుతుంది. హనుమంతుడు అశోకవనంలో పండ్లు తానే కోసుకున్నాడు గాని ఎవరి మిద్దె మీదా పళ్లెం కోసం ఎదురుచూడలేదు కదా అని నేనొక పెద్దాయనతో అన్నాను. ఆయన హాయిగా నవ్వి, పెట్టడం మాత్రం మానలేదు. కాబట్టి ఆ చమత్కారాన్ని మీరు నమ్ముకోకండి, పాప చేతి మీది గాయాన్నే చూపించండి.

మానేటప్పుడు మాత్రం ఒక సంగతి ముందుగా తెలిసి ఉండాలి. తిండి ఆగిన మొదటి కొద్ది వారాలు కోతులు తగ్గవు సరికదా మరింత రెచ్చిపోతాయి, తలుపులు లాగుతాయి, పిట్టగోడ మీద కూర్చుని అరుస్తాయి. ఆ సమయంలో జాలిపడి ఒక్క పండు వేసినా, ఓపిక పడితే దొరుకుతుందని అవి నేర్చుకుంటాయి. అప్పుడప్పుడు మాత్రమే పెట్టే తిండి, రోజూ పెట్టే తిండి కంటే గట్టిగా వాటిని కట్టిపడేస్తుంది. అందుచేత మానితే పూర్తిగా మానాలి, వీధి వీధంతా ఒకే రోజున మానాలి. ఆ కొద్ది వారాలు వడియాలు, మిరపకాయలు మిద్దె మీద ఆరబెట్టవద్దు. ట్యాంకు మూతకు గొళ్లెం, వంటింటి కిటికీకి ఇనుప జాలీ పెట్టించండి. చెత్తబుట్టను మున్సిపాలిటీ బండి వచ్చే వేళకే బయటపెట్టండి. పిల్లల చేతికి తినేవి ఇచ్చి ఒంటరిగా బయటికి పంపవద్దు. కోతి ఎదురుపడితే పరుగెత్తకుండా, చేతులు ఖాళీగా ఉన్నట్లు చూపి, దాని కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా వెనక్కి జరగమని చెప్పండి. చేతిలో ఉన్నది లాక్కుంటే వదిలేయాలి, పాల ప్యాకెట్టు కోసం పెనుగులాడకూడదు.

ప్రశ్న: మా ఊళ్లో కోతుల బాధ పడలేక, చందాలు వేసుకుని ఒక కొండముచ్చును తెప్పించి బడి దగ్గర కట్టివేయాలని పెద్దలు అంటున్నారు. లేదంటే కోతులు పట్టేవాళ్లను పిలిపించి దూరంగా కొండల్లో వదిలిపెట్టిద్దామని మరికొందరు అంటున్నారు. ఏది మంచిది? (ఆదోని సమీపం నుంచి ఒక రైతు)

జవాబు: రెండూ మంచివి కావు, మొదటిది నేరం కూడా. కొండముచ్చు వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జంతువు. దానిని పట్టడం, కట్టివేసి ఉంచడం, అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం. ఢిల్లీలో ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ కొండముచ్చులను తిప్పే అలవాటు ఎన్నో ఏళ్లు సాగి, 2012లో కేంద్ర పర్యావరణ శాఖ అభ్యంతరం చెప్పిన తర్వాతనే ఆగింది. పైగా మెడకు గొలుసు వేసిన కొండముచ్చు ఉన్నంతమేర కోతులు పక్క వీధికి పోతాయి, అది నిద్రపోగానే తిరిగి వస్తాయి. బడి దగ్గర కట్టేస్తే పిల్లలను అది కరవదన్న నమ్మకమూ లేదు. కొండముచ్చు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కడితే ఎంతకాలం పనిచేస్తుందని కూడా మీరు అడిగారు. అది కదలదని కోతులు కనిపెట్టేంతవరకు పనిచేస్తుంది.

పట్టించి వదిలేయడం విషయానికి వస్తే, అటవీ శాఖ అనుమతి లేకుండా అడవి జంతువును పట్టడం కూడా చట్టం దృష్టిలో వేట కిందికే వస్తుంది. ఊరి తిండికి అలవాటుపడిన మందను కొత్త కొండలో వదిలితే అది ఆ కొండ కింది ఊరికి దిగుతుంది. మీ బాధ వాళ్లకు బదిలీ అవుతుంది, అంతే. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయడం కొంత నయమైన దారి. హిమాచల్ ప్రదేశ్‌లో అది చాలా ఏళ్లుగా నడుస్తోంది, తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో అందుకోసమే ఒక కేంద్రాన్ని తెరిచారు. అయితే చికిత్స చేసిన కోతులు కూడా తమ ఆయుష్షు ఉన్నన్నాళ్లు తింటూనే ఉంటాయి గనుక ఫలితం కనిపించడానికి ఏళ్లు పడుతుంది. మీ పంచాయతీ చేతిలో ఉన్న పని తిండిని మూసివేయడమే. కిరాణా అంగళ్ల ముందు వేలాడే అరటి గెలలకు వలలు కట్టించండి, సంతరోజు మిగిలిన కూరగాయలను సాయంత్రానికే పూడ్పించండి, మధ్యాహ్న భోజనం తర్వాత బడి వెనుక ఎంగిలి మెతుకులు పారబోసే చోటును చూడండి. చందాల సొమ్మును వీటికి ఖర్చుపెడితే సార్థకమవుతుంది.

ప్రశ్న: రాయచోటికి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాటులో కారు ఆపి కోతులకు బిస్కెట్లు వేయడం మా పిల్లలకు సరదా. అక్కడ ఇళ్లేమీ లేవు కదా, అందులో తప్పేమిటి? (ఒక పాఠకుడు, కడప)

జవాబు: అక్కడ ఇళ్లు లేకపోవచ్చు గాని లారీలు ఉన్నాయి. మలుపులో ఆగిన కారు వెనుక వచ్చేవాడికి ప్రమాదం, రోడ్డు మీద పడిన బిస్కెట్టు కోసం దూకిన తల్లికోతికి, దాని పొట్టకు కరుచుకున్న పిల్లకు ప్రమాదం. అలా విసిరిన తిండి కోతులతో ఆగదు. దానికి కుక్కలు, పందులు చేరతాయి, కుక్కలున్న చోటికి చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి కాలినడక దారిలో ఆరేళ్ల పాపను చిరుత బలిగొన్న తర్వాత, చిన్నపిల్లలతో నడిచి వెళ్లే వేళలను కుదించడంతోపాటు, దారిలో జంతువులకు తిండి పెట్టరాదని కూడా తిరుమల తిరుపతి దేవస్థానం కట్టడి చేసింది. శేషాచలం, పాలకొండల అడవులు ఒకదానితో ఒకటి కలిసినవే. గువ్వలచెరువులో ఆగి పిల్లలకు పాలకోవా కొనిపెట్టండి, కారు అద్దాలు ఎత్తుకుని తినమనండి.

ప్రశ్న: మా ఊరి గుట్ట పక్కన గుడికి రాత్రిపూట ఎలుగుబంట్లు వస్తున్నాయి. జాంబవంతుడి వంశమని కొందరు పెద్దలు గుడి ముంగిట అరటిపండ్లు, బెల్లం పెట్టి వస్తున్నారు. ఇంతవరకు ఎవరినీ ఏమీ అనలేదు. ఇది మంచిదేనా? (కుందుర్పి మండలం, అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నింటిలోకి నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీదే. ఎలుగుబంటి మనిషిని ఆహారంగా చూసే జంతువు కాదు. చెదలు, చీమలు, తేనె, రేగుపండ్లు, సీతాఫలాలు దాని తిండి. అయినప్పటికీ మన దేశంలో మనిషి మీద తీవ్రంగా తిరగబడే జంతువులలో అది ఒకటి. దాని ముక్కు అసాధారణంగా చురుకైనది, చూపు, వినికిడి అంతంతమాత్రం. తలవంచి తింటున్నప్పుడు మనిషి అలికిడిని ఆలస్యంగా పసిగట్టి, తప్పించుకునే దారి లేదని తోచగానే మీదపడుతుంది. చెదల పుట్టలను తవ్వడానికి పెరిగిన వేలెడంత గోళ్లతో ముఖం మీద, తల మీద కొడుతుంది. పిల్లలను వీపు మీద మోసుకు తిరిగే తల్లి అయితే మరీ ప్రమాదకరం. ఇంతవరకు ఎవరినీ ఏమీ అనలేదన్నది, ఇంతవరకు మలుపులో ఎవరూ ఎదురుపడలేదన్నదానికి మించి ఏమీ చెప్పదు. తెల్లవారుజామున చేనికి నీళ్లు కట్టడానికి పోయేవారు, బహిర్భూమికి వెళ్లేవారు, వేకువనే గుడి తలుపు తీసే పూజారి ఏనాడైనా అలా ఎదురుపడవచ్చు.

బెల్లం పెట్టడం మానితే చాలదు. కొబ్బరి చిప్పలు, ప్రసాదం ఆకులు, ఒలికిన దీపం నూనె అన్నీ దానికి పిలుపులే. రాత్రి గుడి మూసే ముందు ముంగిలి కడిగించి, చిప్పలను ఏ రోజుకారోజు ఊరి అవతల కాక, మూత ఉన్న డ్రమ్ములో వేయించండి. గుడి ముందు, గుట్ట దారి మొదట్లో దీపాలు వెలిగేలా చూడండి. చీకటివేళ వెళ్లక తప్పనివారు ఒంటరిగా కాక, టార్చి పట్టుకుని మాట్లాడుకుంటూ వెళ్లాలి. చప్పుడు వింటే అదే తప్పుకుంటుంది. పగటిపూట ఎలుగు ఊళ్లో కనిపిస్తే కుర్రవాళ్లు సెల్‌ఫోన్లు పట్టుకుని వెంటపడకుండా ఆపడం పెద్దల పని. అది పారిపోవడానికి ఒక వైపు ఖాళీగా ఉంచి, అటవీ శాఖ వారికి కబురు చేయండి. వేసవిలో నీటి కోసమే అవి దిగుతున్నాయని మీకు అనిపిస్తే, ఊరికి దూరంగా గుట్టలోనే సాసర్ పిట్లు (జంతువులు నీళ్లు తాగే లోతు తక్కువ తొట్లు) కట్టి నింపించమని ఆ శాఖ వారికి పంచాయతీ తీర్మానం పంపండి. ఆ పని వారు చాలాచోట్ల చేస్తున్నదే.

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మా మిద్దె మీద పావురాలకు, చిలకలకు రోజూ జొన్నలు, నూకలు చల్లుతాము. ఈమధ్య మెట్ల కింద రెండుసార్లు నాగుపాము కనిపించింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తూనే ఉన్నాము. అయినా ఎందుకు వస్తున్నట్లు? వేసవిలో పక్షులకు నీళ్లు పెట్టడం కూడా మానుకోవాలా? (ఒక గృహిణి, కర్నూలు)

జవాబు: పాము మీ జొన్నల కోసం రాలేదమ్మా, జొన్నల కోసం వచ్చిన ఎలుకల కోసం వచ్చింది. పక్షులు తినగా మిగిలినది రాత్రి ఎలుకలకు విందు. మెట్ల కింద పాత సామాను, కట్టెలు ఉంటే అవి అక్కడే కాపురం పెడతాయి. పాలకు, పాముకు సంబంధం లేదు. పాము ఆహారం ఎలుకలు, కప్పలు, బల్లులు. ఎండకు నాలుక ఎండిన పాము నీళ్లు దొరకక పాలలో మూతి పెట్టవచ్చునేమో గాని, పాలు దానికి అరగవు. పుట్టలో పోసిన పాలు, గుడ్లు చీమలను పిలుస్తాయి. మీ పూజను మానమనడం లేదు. పుట్ట ముందు గిన్నెలో నివేదన చేసి ఇంట్లో పిల్లలకు ఇచ్చినా చవితి చవితే.

గింజలు చల్లడం ఆపి, మెట్ల కింద ఖాళీ చేయించి, నేలలోని కన్నాలు సిమెంటుతో పూడ్పించండి. మళ్లీ పాము కనిపిస్తే దూరం నుంచి అది ఎటు పోతున్నదో చూస్తూ, అటవీ శాఖకు గాని పాములు పట్టే శిక్షణ ఉన్నవారికి గాని చెప్పండి, కర్ర పట్టుకుని దగ్గరకు పోవద్దు. పామును చంపబోయి కాటు వేయించుకునేవారు కూడా ఉంటారు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకుండా, కాటుపడిన కాలో చేయో కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికీ ఆసుపత్రులలో ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది గనుక పామును చంపి వెంట తీసుకుపోనక్కరలేదు.

పక్షులకు నీళ్లు పెట్టడం మానవద్దు. గింజలు తమకు తామే వెతుక్కోగలిగినా, మన ఎండలలో చుట్టుపక్కల నీటి చుక్క దొరకడం వాటికి కష్టం. అరచేతి మందం లోతున్న మట్టి మూకుడు చాలు, అందులో అవి నిలబడడానికి ఒక రాయి వేయండి. పిట్టగోడ మీద నీడపడే చోట, కోతికి, పిల్లికి అందని విధంగా పెట్టండి. రోజూ ఉదయం పీచుతో తోమి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, పక్షుల జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి. సాయంత్రం పక్షులు గూటికి చేరాక నీళ్లు పారబోసి మూకుడు బోర్లించి ఉంచితే ఎలుకలకు కూడా ఆ నీరు దక్కదు.